క్యాన్సర్ రోగికి సేవ: మీ ప్రశ్నలు, సీనియర్ నర్సు సమాధానాలు

క్యాన్సర్ రోగులను ఇంట్లోనో ఆసుపత్రిలోనో కనిపెట్టుకుని ఉంటున్న పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటిని ఈ సంచికలో తీసుకున్నాం. గుంటూరు, విజయవాడ ఆసుపత్రుల క్యాన్సర్ వార్డుల్లో చాలాకాలం పనిచేసి, ప్రస్తుతం నర్సింగ్ విద్యార్థినులకు బోధిస్తున్న సీనియర్ నర్సు వీటికి సమాధానాలు ఇస్తున్నారు. పాఠకుల కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు. మందుల మోతాదులను మాత్రం చికిత్స చేస్తున్న వైద్యులే నిర్ణయించాలి.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్ళు. మిరపయార్డులో గుమాస్తాగా పనిచేశారు. దవడ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, కరెంటు (రేడియేషన్) పెట్టారు. అయినా జబ్బు తిరగబెట్టింది. ఇప్పుడు ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారానే ఆహారం ఇస్తున్నాం. వైద్యులు నాలుగు గంటలకొకసారి మార్ఫిన్ మాత్ర ఇమ్మని రాశారు. అది మత్తుమందనీ, అలవాటైపోతుందనీ, చివరి రోజుల్లో ఇచ్చేదనీ మా మేనత్తగారు భయపెట్టడంతో, నొప్పి బొత్తిగా భరించలేనప్పుడు మాత్రమే ఇస్తున్నాం. రాత్రిళ్ళు ఆయన మూలుగు వినలేకపోతున్నాం.
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: బాబూ, ఈ రాత్రి నుంచే మార్చుకోవలసిన సంగతి ముందు చెబుతాను. మీ వైద్యులు నాలుగు గంటలకొకసారి అని రాస్తే, నొప్పి వచ్చిందా లేదా అని చూడకుండా నాలుగు గంటలకొకసారి ఇవ్వండి. మార్ఫిన్ మామూలు మాత్ర శరీరంలో పనిచేసేది సుమారు నాలుగు గంటలే. నొప్పి పూర్తిగా పైకి లేచిన తరువాత మాత్ర వేస్తే, అది పనిచేయడానికి పట్టే అరగంట, ముప్పావు గంటా మీ నాన్నగారు బాధపడాలి; అప్పుడు అదే మోతాదు చాలకపోవచ్చు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాలలో చెప్పిన మూలసూత్రాలలో ఇదొకటి: మందు నోటి ద్వారా ఇవ్వాలి, గడియారం ప్రకారం ఇవ్వాలి, నొప్పి తీవ్రతను బట్టి మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోవాలి. రాత్రి నిద్రలేపి ఇవ్వాలా అన్న సందేహం చాలామందికి వస్తుంది. పడుకునే ముందు వేసే మోతాదును కొంత పెంచి నడిరాత్రి మాత్ర అవసరం లేకుండా వైద్యులు సర్దగలరు గాని, ఆ పని మీరు సొంతంగా చేయకూడదు.

ఇక మీ మేనత్తగారి భయం గురించి. ఆమెను తప్పుపట్టకండి, ఆ భయం ఒక్క మీ ఇంట్లోనే కాదు, చాలాకాలం పాటు మన ఆసుపత్రుల్లోనూ ఉండేది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం కింద లైసెన్సుల మీద లైసెన్సులు కావలసి రావడంతో, మార్ఫిన్ నిల్వ పెట్టడానికే ఆసుపత్రులు వెనుకాడాయి. ఒక తరం వైద్యులు, నర్సులు ఆ మందును చేత్తో ముట్టకుండానే చదువు ముగించారు. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు ఒకే అనుమతితో దానిని తెప్పించుకునే వీలు కల్పించారు. నొప్పికి తగిన మోతాదులో, వైద్యుల పర్యవేక్షణలో వాడుతున్న క్యాన్సర్ రోగి మత్తుకు బానిస కావడం చాలా అరుదు. శరీరం మందుకు అలవాటు పడుతుంది గనుక హఠాత్తుగా ఆపకూడదన్నది నిజమే. దానికీ వ్యసనానికీ సంబంధం లేదు. చివరి రోజులకు అట్టేపెట్టుకోవలసిన మందు కూడా కాదిది. నొప్పి ఎప్పుడు ఆ స్థాయిలో ఉంటే అప్పుడే మొదలుపెట్టాలి, తరువాత నొప్పి తగ్గితే తగ్గించనూ వచ్చు.

మొదటి రెండు మూడు రోజులు ఆయన ఎక్కువగా నిద్రపోవచ్చు. ఎన్నో రాత్రులుగా కరువైన నిద్ర అది; పిలిస్తే లేచి బదులిస్తుంటే కంగారు అక్కరలేదు. వికారం కూడా కొద్ది రోజుల్లో తగ్గుతుంది. తగ్గనిది మలబద్ధకం ఒక్కటే. మార్ఫిన్ వాడుతున్నంతకాలం విరేచనం సాఫీగా కావడానికి మందు వాడవలసిందే. చీటీలో అది రాసి లేకపోతే వెంటనే అడగండి. అయిదారు రోజులు విరేచనం కాక, కడుపు ఉబ్బి, ఆ బాధంతా క్యాన్సర్ వల్లనే అనుకుని అత్యవసర విభాగానికి వచ్చే రోగులు ఎందరో ఉంటారు.

మీ నాన్నగారికి గొట్టం ఉంది కాబట్టి మరో హెచ్చరిక. మామూలు మార్ఫిన్ మాత్రను మెత్తగా నూరి నీళ్ళలో కలిపి గొట్టంలో పోయవచ్చు. కాని పన్నెండు గంటలకొకసారి వేసుకునే, నెమ్మదిగా కరిగే రకం మాత్రలు కూడా ఉంటాయి. వాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ నూరకూడదు, పగటికంతటికీ సరిపడే మందు ఒక్కసారిగా లోపలికి పోతుంది. మీకు ఇచ్చినవి ఏ రకమో మందులిచ్చినవారిని అడిగి అట్ట మీద రాసుకోండి. పిలిచినా కుదిపినా లేవనంత మగత, ఊపిరి బాగా నెమ్మదించడం, కండరాలు అదేపనిగా అదరడం, తికమకగా మాట్లాడడం కనిపిస్తే తరువాతి మాత్ర ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మాత్రలు పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచండి.

ఒక చిన్న పుస్తకం పెట్టి మాత్ర వేసిన సమయం, అప్పటి నొప్పి రాయండి. పదిలో ఎంత అని అడిగితే చెప్పలేనివారు మన పల్లెల్లో చాలామంది ఉన్నారు; రూపాయికి ఎన్ని అణాల నొప్పి అని అడిగితే పెద్దవారు ఠక్కున చెబుతారు. మీ నాన్నగారు మాట్లాడలేకపోతే వేళ్ళతో చూపిస్తారు. ఆయన పన్నెండణాలంటే పన్నెండణాలే రాయండి. ముఖం చూస్తే అంత నొప్పి ఉన్నట్టు లేదే అని మనం తగ్గించి రాసుకునే హక్కు లేదు. నా విద్యార్థినులకు మొదటిరోజు చెప్పే పాఠం ఇదే: నొప్పి ఎంతో చెప్పవలసింది రోగి, నమ్మవలసింది నర్సు.

ప్రశ్న: మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ వద్దని మొండికేసి నాటుమందులతో ఏడాది గడిపారు. ఇప్పుడు పుండుపడి రసి కారుతోంది, వాసన భరించలేనంతగా ఉంది. అగరుబత్తీలు వెలిగిస్తున్నాం. ఆమె గది తలుపు వేసుకుని ఎవరినీ రానివ్వడం లేదు. మా ఆడపడుచు పిల్లలకు అంటుకుంటుందేమోనని ఆమెకు కంచం, గ్లాసు వేరు పెట్టించింది. నేను చేయగలిగిందేమిటి?
— ఒక కోడలు, పటమట, విజయవాడ

సమాధానం: అమ్మా, వేరు పెట్టిన కంచాన్ని ఈ పూటే తీసేయండి. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి తాకిడి వల్ల గాని, కలిసి తినడం వల్ల గాని, ఒకే మంచం మీద పడుకోవడం వల్ల గాని అంటుకోదు. కీమో ఇచ్చిన తరువాత సుమారు రెండు రోజులపాటు రోగి మలమూత్రాలు, వాంతులు శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోవాలి, బట్టలు విడిగా ఉతకాలి. అది శరీరం నుంచి బయటికి వచ్చే మందు గురించిన జాగ్రత్తే గాని జబ్బు గురించి కాదు. ఈ సంగతి మీ ఆడపడుచుకు మీరు చెప్పడం ఇబ్బందైతే, తరువాతిసారి ఆసుపత్రికి ఆమెను కూడా వెంటబెట్టుకెళ్ళి అక్కడి సిస్టర్ చేత చెప్పించండి. కోడలు చెబితే వాదనవుతుంది, సిస్టర్ చెబితే సలహా అవుతుంది.

పుండు వాసనకు కారణం అందులో పెరిగే ఒక రకం సూక్ష్మజీవులు. వాటి మీద మెట్రోనిడజోల్ అనే మామూలు మందు బాగా పనిచేస్తుంది. దాని మాత్రలను మెత్తటి పొడి చేసి పుండు మీద చల్లడం గాని, జెల్ రూపంలో రాయడం గాని పాలియేటివ్ సేవలో, అంటే రోగి నొప్పిని, బాధలను తగ్గించే సేవలో, ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఖరీదైన మందు కూడా కాదు. వైద్యులను అడిగి మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. అగరుబత్తీలు మానేయండి. పొగ, సెంటు, పుండు వాసన కలిసి రోగికి వికారాన్ని పెంచుతాయి తప్ప దేనినీ దాచవు. కిటికీలు తీసి గాలి ఆడనివ్వడం మేలు.

కట్టు మార్చే పద్ధతి చెబుతాను. నొప్పిమందు ఇచ్చి అరగంట ఆగండి. లీటరు నీటిలో ఒక చెంచా ఉప్పు వేసి మరగకాచి, గోరువెచ్చగా చల్లార్చుకోండి. పాత కట్టును లాగకండి. ఆ నీళ్ళతో బాగా తడిపితే దానంతట అదే ఊడివస్తుంది, లాగితే రక్తం వస్తుంది. పుండును రుద్దకుండా అదే నీటిని ధారగా పోసి కడగండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, పసుపు, ఆకుపసర్లు వద్దు. మెత్తటి నూలు చీరను ముక్కలుగా కోసి, నీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మడతలు పెట్టుకుంటే రసిని పీల్చే కట్టుగా చక్కగా పనికివస్తుంది. రోజుకు ఒకసారి తప్పనిసరి, తడిసిపోతే రెండోసారి కూడా మార్చాలి. ఎప్పుడైనా రక్తం ఎక్కువగా వస్తే శుభ్రమైన గుడ్డతో పది, పదిహేను నిమిషాలు వదలకుండా అదిమిపట్టండి. ముదురు రంగు తువ్వాలు ఒకటి ఆ గదిలోనే ఉంచండి; తెల్లగుడ్డ మీద కొద్ది రక్తం కూడా చాలా కనిపించి రోగిని హడలగొడుతుంది. అదిమినా ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంతకంటే కష్టమైనది మరొకటి ఉంది. కట్టు విప్పుతున్నప్పుడు ఆమె పుండు వైపు చూడరు, మీ ముఖం వైపు చూస్తారు. మీ ముక్కుపుటం ముడుచుకుందా, తల పక్కకు తిరిగిందా అన్నదే ఆమెకు కావాలి. మేము నర్సులం దీనిని నేర్చుకునే చేస్తాం. మాస్కు లోపలి వైపు కొద్దిగా అమృతాంజనం రాసుకోవచ్చు. నోటితో ఊపిరి తీసుకుంటూ, ఆమెతో వంట గురించో, మనవల గురించో మాట్లాడుతూ పనిచేయవచ్చు. ఆమె తలుపు వేసుకుంటున్నది మీ మీద కోపంతో కాదు. తన శరీరం అందరికీ రోతగా ఉందని సిగ్గుపడుతున్నారు. వాసన కొంత తగ్గిన మరునాడు ఆ గదిలోనే ఆమె పక్కన కూర్చుని భోజనం చేయండి. అవకాశం ఉంటే ఆమెను క్యాన్సర్ వైద్యులకు మళ్ళీ చూపించండి. ఈ దశలో కూడా కీమో, కరెంటు వల్ల పుండు ఎండి, రక్తం, నొప్పి తగ్గే అవకాశం ఉంటుంది. మొదట్లో రాలేదని అక్కడ ఎవరైనా కోప్పడతారేమోనని ఆమె భయపడుతుంటే, మీరు ముందుగా సిస్టర్‌తో మాట్లాడి ఉంచండి.

ప్రశ్న: మా ఆయనకు కీమో ఎక్కించి తొమ్మిది రోజులైంది. నిన్న రాత్రి ఒళ్ళు వెచ్చబడితే పారాసిటమాల్ వేశాను, తగ్గింది. మళ్ళీ వస్తే ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మళ్ళీ వచ్చేదాకా ఆగకండి, ఈ రోజే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి. కీమో తరువాత సాధారణంగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే 38 సెల్సియస్ డిగ్రీలు దాటితే అది అత్యవసర పరిస్థితి. అర్ధరాత్రి అయినా తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరాలి. పారాసిటమాల్ జ్వరాన్ని కప్పిపెడుతుంది గాని లోపలి ఇన్‌ఫెక్షన్‌ను ఆపదు. ఇంట్లో థర్మామీటరు కొనిపెట్టుకోండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే కీమో తీసుకున్న తేదీ ముందు చెప్పండి. ఆ ఒక్క మాటతో మిమ్మల్ని వరుసలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకుంటారు, తీసుకోకపోతే గట్టిగా అడగండి.

ప్రశ్న: మా అమ్మకు గర్భసంచి క్యాన్సర్ అని తేలింది. నాన్నగారు, అన్నయ్య ఆమెకు చెప్పవద్దంటున్నారు. గడ్డ అని చెప్పి చికిత్స చేయిస్తున్నారు. వార్డులో సిస్టర్లను కూడా చెప్పవద్దని బతిమాలారు. అమ్మ నన్ను ఒంటరిగా చూసినప్పుడల్లా "నాకేమైందే?" అని అడుగుతోంది. నేను అబద్ధం చెప్పలేకపోతున్నాను.
— ఒక కూతురు, మంగళగిరి

సమాధానం: తల్లీ, మీ అమ్మగారు మిమ్మల్నే అడుగుతున్నారంటే, నిజం చెప్పగలిగినది మీరేనని ఆమె ఎంచుకున్నారన్నమాట. క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు చదివి, జుట్టు ఊడిన తోటి రోగుల పక్కన కూర్చుని, కరెంటు పెట్టించుకుంటున్న మనిషికి సగం సంగతి ఎప్పుడో తెలిసే ఉంటుంది. తెలిసిన సంగతిని ఇంట్లో ఎవరితోనూ అనలేకపోవడం ఆమె మోస్తున్న రెండో బరువు. మీరంతా ఆమె కోసం దాస్తుంటే, ఆమె మీ కోసం తెలియనట్టు నటిస్తూ ఉండవచ్చు. ఇలాంటి ఇళ్ళు నేను ఎన్నో చూశాను.

అలాగని ఒక సాయంత్రం కూర్చోబెట్టి మొత్తం చెప్పేయమని నేను అనను. ముందు అడగాలి. "అమ్మా, నీ జబ్బు గురించి నువ్వేమనుకుంటున్నావు?" అన్నది మొదటి ప్రశ్న. "దాని గురించి ఇంకా తెలుసుకోవాలని ఉందా, లేక అన్నీ నాన్నే చూసుకుంటే చాలనుకుంటున్నావా?" అన్నది రెండోది. వద్దు అంటే ఆ మాటను గౌరవించండి, మళ్ళీ ఎప్పుడైనా అడగవచ్చునని చెప్పండి. కావాలంటే, ఆమె అడిగినంతవరకే, ఆమె వాడిన మాటలతోనే చెప్పండి. ప్రతి మాట తరువాత ఆగండి. ఎన్నాళ్ళు బతుకుతాననే ప్రశ్న వస్తే ఎవరూ నెలల లెక్క చెప్పవద్దు. ఏ భయంతో అడుగుతున్నారో కనుక్కోండి. చాలామంది తల్లులకు ఆ ప్రశ్న వెనుక ఒక పెళ్ళి, ఒక మొక్కు, ఒక పొలం కాగితం ఉంటుంది. దానికి వ్యవధి దొరకాలంటే మీరు నిజం దాచకూడదు.

మీ నాన్నగారినీ, అన్నయ్యనీ విడిగా వైద్యుల దగ్గర కూర్చోబెట్టండి. వారు దాస్తున్నది క్రూరత్వంతో కాదు, ఆమె కుంగిపోతుందనే భయంతో. ఆ భయాన్ని విని, ఒప్పుకుని, ఆ తరువాతనే మాట్లాడాలి. ఇక సిస్టర్ల విషయం. రోగి సూటిగా అడిగినప్పుడు నర్సు అబద్ధం చెప్పకూడదు. అలాగని కుటుంబానికి తెలియకుండా వార్త బయటపెట్టకూడదు. "ఈ ప్రశ్న మీ డాక్టరుగారితో కలిసి మాట్లాడుకుందాం, నేను కూడా మీ పక్కన ఉంటాను" అని చెప్పి, ఆ రోజే ఆ ఏర్పాటు చేయాలి. "ఏమీ లేదమ్మా, తగ్గిపోతుంది" అనే సిస్టర్ మాట విన్న రోగి, ఆ తరువాత నొప్పి గురించి కూడా ఆమెకు నిజం చెప్పడం మానేస్తుంది.

ప్రశ్న: నేను విజయవాడలో ఒక ఆసుపత్రిలో క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సును. నైట్ డ్యూటీలో చాలా మంచాలు ఒక్కరిమే చూడవలసి వస్తుంది. ఇంజెక్షన్లు, సెలైన్లు, కేస్ షీట్లు రాయడంతోనే తెల్లవారుతుంది. కాలేజీలో కరుణ గురించి చదివాను గాని ఇక్కడ దానికి సమయమే లేదు. ఇంకో సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది. ఇక చికిత్స లేదని వైద్యులు చెప్పేసిన రోగి మంచం దగ్గర నేను ఆగను, త్వరగా దాటిపోతాను. ఇంటికెళ్ళి ఏడుస్తాను. ఈ వృత్తికి నేను పనికిరానేమో?
— ఒక నర్సు, విజయవాడ

సమాధానం: మీ ఉత్తరాన్ని నా విద్యార్థినులకు చదివి వినిపించాను, ఎవరూ మీరు పనికిరారని అనలేదు. ఆ మంచాన్ని దాటిపోయేది రోగి మీద పట్టింపు లేని నర్సు కాదు, అక్కడ ఆగితే ఏం చేయాలో ఎవరూ నేర్పని నర్సు. సెలైన్ ఉంటే మార్చడానికి వెళతాం, ఇంజెక్షన్ ఉంటే చేయడానికి వెళతాం. అవేవీ రాసి లేని మంచం దగ్గర మన చేతులకు పని కనబడదు. కాని పని ఉంది. నోరు ఎండిందా చూడాలి, పెదవులు తడపాలి, పక్క తిప్పాలి, దుప్పటి ముడతలు సరిచేయాలి, నొప్పి ఎంత అని అడిగి రాయాలి, తక్కువ పడుతున్నదని తోస్తే డ్యూటీ డాక్టరును లేపాలి. జబ్బుకు చికిత్స ఆగిపోయిన రోగికి నర్సు పని పెరుగుతుంది. మీ వార్డులో ఎవరైనా "ఇక చేసేదేమీ లేదు" అంటే, ఆ మాటను మీరు మాత్రం అనకండి.

సిసిలీ సాండర్స్ అనే ఆవిడ పేరు మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. ఆమె మొదట నర్సు. వెన్నునొప్పితో ఆ పని మానుకోవలసి వచ్చి వైద్య సామాజిక కార్యకర్త అయ్యారు. అవసానంలో ఉన్నవారి నొప్పిని వైద్యులు పట్టించుకోవడం లేదని గ్రహించి, వయసు మీరాక వైద్యవిద్య చదివి 1957లో డాక్టరయ్యారు. 1967లో లండన్‌లో అవసానంలో ఉన్నవారిని చూసుకోవడానికి సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌ను ప్రారంభించారు. క్యాన్సర్ రోగి నొప్పి ఒంటికి మాత్రమే సంబంధించినది కాదనీ, అందులో మనసు బాధ, డబ్బు గురించి, ఇంటివారి గురించి దిగులు, నాకే ఎందుకు వచ్చిందనే ప్రశ్న అన్నీ కలిసి ఉంటాయనీ ఆమె చెప్పారు. మార్ఫిన్ మోతాదు పెంచుతున్నా నొప్పి తగ్గని రోగి దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇంటి దగ్గర ఎవరున్నారని అడిగి చూడండి. పెద్దమ్మాయి పెళ్ళికి దాచిన డబ్బు తన వైద్యానికి అయిపోయిందని చెప్పే తండ్రి మీకు ఒక నెలలోనే కనిపిస్తాడు. ఆయన అప్పు మీరు తీర్చలేరు. ఎన్.టి.ఆర్. వైద్య సేవ కింద ఆయన చికిత్సకు ఏది వర్తిస్తుందో ఆ కౌంటరులో అడిగి చెప్పగలరు, అతని భార్యను పిలిచి ఈ సంగతి మాట్లాడుకోమనగలరు.

సమయం గురించి మీరు రాసినది పూర్తిగా నిజం. తగినంతమంది నర్సులను వేయవలసిన బాధ్యత ఆసుపత్రి యాజమాన్యానిది, ప్రభుత్వానిది. ఒక్క నర్సు మీద వార్డంతా వదిలేసి, ఆమె కరుణ చూపలేదని ఎవరైనా వేలెత్తి చూపితే నేను ఒప్పుకోను. మీ ఇన్‌చార్జ్ సిస్టర్ ద్వారా ఎన్ని మంచాలకు ఎందరున్నారో, ఏ రాత్రి ఏ పని ఆగిపోయిందో రాతపూర్వకంగా పైకి పంపించండి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు షిఫ్టుతోపాటే ముగిసిపోతుంది.

ఆ మార్పు వచ్చేలోగా, ఉన్న నిమిషాలలోనే కొన్ని చేయవచ్చు. ఇంజెక్షన్ చేయడానికి ఎలాగూ రెండు నిమిషాలు పడుతుంది. నిలబడి కాకుండా స్టూలు మీద కూర్చుని చేయండి. అదే రెండు నిమిషాలు రోగికి ఎక్కువసేపు ఉన్నట్టు అనిపిస్తుంది. పద్నాలుగో నంబరు అనో, బ్రెస్ట్ కేసు అనో అనకుండా పేరు పెట్టి, పెద్దవారైతే బాబాయిగారూ, పిన్నిగారూ అని పిలవండి. ఒంటి మీద చేయి వేసేముందు ఏం చేయబోతున్నారో చెప్పండి. కట్టు విప్పేముందు తెర లాగండి. తెర లేకపోతే, ఇద్దరు బంధువుల చేత దుప్పటి పట్టించండి. పదిగంటలకు మళ్ళీ వస్తానని చెబితే పదిగంటలకు రండి, రాలేకపోతే ఆయా చేతనైనా కబురు పంపండి. మంచం పట్టిన రోగికి ఆ రాత్రంతా మీ రాక కోసం చూడడం తప్ప వేరే పని ఉండదు. వీటిలో ఏదీ అదనపు సమయం అడగదు.

ఏడుపు గురించి. రోగి దగ్గర కళ్ళు చెమర్చితే తప్పేమీ లేదు. మిమ్మల్ని ఓదార్చవలసిన పని రోగి మీద పడకుండా చూసుకుంటే చాలు. చాలా వార్డుల్లో మరణం తరువాత గంటలోపే దుప్పటి మార్చి కొత్త రోగిని చేర్చుకుంటారు, పోయిన మనిషి ఊసే ఎవరూ ఎత్తరు. మీ డ్యూటీ అప్పగించేటప్పుడు ఆ పేరును ఒక్కసారి పలకండి, ఆమె ఎలా పోయిందో తోటి సిస్టర్లతో చెప్పుకోండి. పక్క మంచం రోగికి కూడా నిజం చెప్పండి, అతను అంతా చూశాడు. నెలల తరబడి నిద్ర పట్టకపోయినా, డ్యూటీ అనగానే కడుపులో తిప్పినట్టవుతున్నా మానసిక వైద్యులను కలవండి, కొంతకాలం వేరే వార్డుకు మార్పించుకోండి. అది పారిపోవడం కాదు.

ప్రశ్న: నాన్నగారికి జీర్ణకోశ క్యాన్సర్ ముదిరింది. నాలుగు రోజులుగా రెండు చెంచాల జావ కూడా మింగడం లేదు. ఎక్కువ సమయం నిద్రలోనే ఉంటున్నారు. బంధువులంతా "పస్తు పెట్టి చంపుతున్నారా, సెలైన్ ఎక్కించండి" అంటున్నారు. ఆయన మాత్రం ఆసుపత్రికి వద్దు, ఇంట్లోనే ఉంటానంటున్నారు.
— ఒక పాఠకుడు, పొన్నూరు

సమాధానం: మీరు పస్తు పెట్టడం లేదు. శరీరం ఆగిపోయే దశకు వచ్చినప్పుడు ఆకలి, దాహం వాటంతట అవే తగ్గుతాయి. తినకపోవడం వల్ల ఆయన చనిపోవడం లేదు, ఆఖరి దశకు వచ్చారు కాబట్టి తినడం లేదు. అప్పుడు సెలైన్ ఎక్కిస్తే ఆ నీటిని శరీరం వాడుకోలేక కాళ్ళవాపు, గొంతులో గురగుర, ఆయాసం పెరగవచ్చు. నిద్రమత్తులో ఉన్నవారికి బలవంతంగా పోస్తే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకసారి వైద్యులు చూసి, వాంతులో, పేగు మూసుకుపోవడమో వంటి సరిచేయదగిన కారణం లేదని నిర్ధారించడం మాత్రం అవసరం. ఆ మాట వైద్యుల నోటితోనే బంధువులకు చెప్పించండి.

ఆయన మేలుకుని ఉన్నప్పుడు అడిగినది చెంచాడు ఇవ్వండి: కొబ్బరినీళ్ళు, పల్చటి మజ్జిగ, ఏదైనా సరే. లేనప్పుడు తడిగుడ్డతో నోరు తుడిచి పెదవులకు వెన్నో, కొబ్బరినూనో రాయండి. ఎండిన నోరు శుభ్రం చేయడానికి లీటరు నీటిలో చెంచా ఉప్పు, చెంచా తినే సోడా కలిపి వాడవచ్చు. రెండు గంటలకొకసారి ఆయనను ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పండి. ఎర్రబడిన చోట రుద్దకండి. ఆయాసం వస్తే తలవైపు ఎత్తుగా పెట్టి, ముఖానికి చిన్న ఫ్యాను గాలి తగిలేటట్లు చూడండి, దానితో చాలామందికి ఊరట కలుగుతుంది. గొంతులో గురగుర మొదలైతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వినడానికి మనకు భయంగా ఉంటుంది గాని, ఆ స్థితిలో ఉన్న రోగికి అది బాధగా తెలియదని వైద్యుల అభిప్రాయం. దానికి మందు కూడా ఉంది. నోటిమాత్రలు మింగలేకపోతే నొప్పిమందును చర్మం కిందికి చిన్న సూదితో ఇవ్వవచ్చు గనుక, మింగలేకపోతున్నారని నొప్పిమందు ఆపకండి.

దగ్గరలో ఉన్నవాటిలో గుంటూరు సర్వజన ఆసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ కేంద్రంలో గాని, మంగళగిరి ఎయిమ్స్‌లో గాని పాలియేటివ్ సేవ గురించి అడగండి. ఆయనను తీసుకెళ్ళలేకపోతే, కాగితాలు పట్టుకుని ఇంట్లో ఒకరు వెళ్ళినా సలహా దొరకవచ్చు. రాత్రివేళ ఫోన్ చేయవలసి వస్తే ఎవరికి చేయాలో ఆ రోజే అడిగి రాసుకోండి.

ప్రశ్న: నాన్నకు స్నానం చేయించడం, బట్టలు మార్చడం నేనే చేస్తున్నాను. అన్నయ్య హైదరాబాదులో ఉంటాడు. కూతురి చేత చేయించుకోవడానికి నాన్న సిగ్గుతో కళ్ళు మూసుకుంటున్నారు.
— ఒక కూతురు, కృష్ణలంక, విజయవాడ

సమాధానం: ముందు ఆయనను అడగండి. పొరుగు మగవారినో, మేనల్లుడినో, రోజుకు గంటసేపు వచ్చే మేల్ నర్సునో పెట్టుకోవడం ఆయనకు ఇష్టం కావచ్చు. లేదా పరాయివారికంటే మీరే నయమనవచ్చు. మీరే చేయవలసివస్తే, ఒళ్ళంతా ఒక్కసారి విప్పకండి. నడుము నుంచి మోకాళ్ళ దాకా పెద్ద తువ్వాలు కప్పి, ముఖం, చేతులు, ఛాతీ, కాళ్ళు ఒక్కొక్క భాగమే తీసి తుడిచి వెంటనే కప్పేయండి. మర్మావయవాల దగ్గర తడిగుడ్డ ఆయన చేతికే ఇచ్చి మీరు అటు తిరిగి నిలబడండి. చేయి కదిపే ఓపిక ఆయనకు ఉన్నంతకాలం ఆ పని ఆయనదే. ఓపిక లేనప్పుడు తువ్వాలు కిందనుంచే తుడవండి. గోరువెచ్చటి నీళ్ళు రెండు బకెట్లు పెట్టుకుని, మొదటిది సబ్బుకు, రెండోది కడగడానికి వాడండి. కరెంటు పెట్టిన చోట గీతలు ఉంటే చెరపకండి, అక్కడ సబ్బు, నూనె, పౌడరు వద్దు. గజ్జలు, మడతలు పూర్తిగా తడి ఆరేటట్టు అద్దండి. వారం వారం అన్నయ్యను రమ్మని గట్టిగానే అడగండి, ఆ పూట మీరు నిద్రపోండి.